బయట నిలబడమన్నాను

ఆ వేసవిలో ఆరు వారాలు నేను అమెరికాలో, షామ్‌బర్గ్‌లో పిల్లలకు పాఠాలు చెప్పాను. ఖచ్చితంగా చెప్పాలంటే అందులో ఒక వారం పాఠం చెప్పలేదు, వంటగదిలో పుచ్చకాయలు కోశాను. తిరిగొచ్చాక ఆ వారం గురించి అడిగినవాళ్ళకు ముక్తసరిగా ఏదో చెప్పి ఊరుకున్నాను. ఇక్కడ మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను గుంటూరు జిల్లాలో ఒక మిషన్ హైస్కూల్లో టీచర్ని. ఇరవై నాలుగేళ్ళుగా ఆరు, ఏడు తరగతులకు తెలుగు చెబుతున్నాను. ఆదివారాల్లో సండేస్కూలు కూడా నాదే. వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లల్ని కూర్చోబెట్టి పాటలు, కథలు, కంఠత వాక్యాలు నేర్పే తరగతులు పెడతాం. వాటిని మేం వీబీఎస్ అంటాం. అవీ నా చేతుల మీదుగానే నడుస్తాయి. షికాగో పక్కనున్న ఒక తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్ళు మా పాస్టరుగారికి ఫోన్ చేసి, ఇక్కడి మన పిల్లలకు వాక్యం రావాలి, తెలుగూ రావాలి, ఎండాకాలం ఇద్దరు టీచర్లను పంపగలరా అని అడిగారు. మొదట అనుకున్న ఆవిడకు వీసా రాలేదు. ఆమె బదులు నా పేరు పెట్టారు, నాకు వచ్చింది. స్కూల్లో ఆరు వారాలు సెలవు పెట్టాను.

నాతో వచ్చింది మా పాత పాస్టరుగారి భార్య. అరవై నాలుగేళ్ళ మనిషి. సంఘంలో అందరం ఆమెను అమ్మగారు అనే పిలుస్తాం. చిన్నప్పుడు నాకు సండేస్కూలు చెప్పింది ఆమే. పాస్టరుగారు పోయాక కూడా ఆమె ఒక్క ఆదివారం పిల్లల క్లాసు మానలేదు.

బయల్దేరే ముందు ఆదివారం మా ఇద్దర్నీ ముందుకు పిలిచి తలల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. "మన తాతలకు అక్షరాలు నేర్పింది అక్కడి నుంచి వచ్చిన మిషనరీలు. ఇప్పుడు మన ఊరి నుంచి అక్కడికి ఇద్దరు మిషనరీలు వెళ్తున్నారు," అన్నారు పాస్టరుగారు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. విమానంలో కూర్చున్నాక కూడా నాలుగైదుసార్లు మనసులో అనుకున్నాను. అమ్మగారు మాత్రం మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని నిద్రపోయింది.

మాకు తన ఇంట్లో చోటిచ్చిన ఇల్లాలు నర్సు. రాత్రి డ్యూటీ చేసి ఉదయం ఏడున్నరకు వచ్చేది. అప్పటికే మేం లేచి మూడు గంటలయ్యేది. మొదటి పది రోజులు నాలుగున్నరకే మెలకువ. భర్త, కొడుకు లేవకూడదని మేమిద్దరం వంటింట్లో కూర్చుని గుసగుసగా ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆ ఇంట్లో చెక్క నేల మీద అడుగు వేస్తే పైగదికి వినిపిస్తుంది. ఐదింటికే తెల్లగా వెలుతురొచ్చేది కానీ వీధిలో ఒక్క మనిషి ఉండడు, కుక్క అరవదు, చీపురు చప్పుడు ఉండదు. అమ్మగారు ఒకరోజు తన చీర ఉతికి వెనకవైపు చెక్కవరండా రెయిలింగు మీద ఆరేసింది. నర్సమ్మ వచ్చి చూసి, "అమ్మగారూ, ఇక్కడ బయట బట్టలు ఆరేస్తే కాలనీ వాళ్ళు లెటర్ పంపిస్తారండి," అని నవ్వుతూ తీసి డ్రయర్‌లో వేసింది. వేడివేడిగా బయటికొచ్చిన చీరను అమ్మగారు చెంపకు ఆనించుకుని, "ఇస్త్రీ కూడా అక్కర్లేదే," అంది.

తొమ్మిదికి ముందే ఆమె భర్త ఆఫీస్‌కి వెళ్తూ మమ్మల్ని కార్‌లో చర్చి దగ్గర దింపేవాడు. ఆ చర్చి తెల్లవాళ్ళది. ఆదివారం మధ్యాహ్నాలు, వేసవిలో పొద్దుటి పూటలు మన సహవాసానికి అద్దెకిస్తారు. పొడుగాటి ఇటుక భవనం, చుట్టూ గడ్డి, ముందు పార్కింగు, దాని అవతల వాననీరు చేరడానికి తవ్విన చెరువు. చెరువు నిండా మెడ నల్లగా ఉండే పెద్ద పెద్ద బాతులు. గడ్డి మీద నడిస్తే చెప్పులకు వాటి రెట్ట అంటుకునేది.

తరగతులు చూసుకునే అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. ఆరేళ్ళప్పుడు విజయవాడ నుంచి వచ్చిందట. ఇక్కడి పబ్లిక్ స్కూల్లో టీచరు, వేసవి సెలవులు ఈ పనికి ఇస్తుంది. మొదటి రోజే మా చేతిలో కాగితాల కట్ట పెట్టింది. ప్రతి గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి. పిల్లల్ని ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదు. అనుమతి లేకుండా ఫోటోలు తీయకూడదు. ఇలా ఎనిమిది పేజీలు. "చదివి సైన్ చేయండి ఆంటీ," అంది. నేను సంతకం చేశాను. చదవడం మాత్రం రెండో పేజీతో ఆపేశాను. ఇరవై నాలుగేళ్ళు పిల్లల మధ్యే ఉన్నదాన్ని, నాకిది ఎవరు నేర్పాలి అనుకున్నాను. బహుమతులకని మా ఊరి నుంచి తెచ్చిన పల్లీచెక్కల డబ్బా తెరిస్తే, ఆ అమ్మాయి గబగబా మూతపెట్టి తన కార్‌లో పెట్టేసి చేతులు కడుక్కొచ్చింది. క్లాసులో ఇద్దరు పిల్లలకు వేరుశనగ పడదట. వాసనకే ఊపిరాడకుండా పోవచ్చట. అదీ ఆ ఎనిమిది పేజీల్లోనే ఉంది.

నా గదికి పద్నాలుగు మంది. ఏడు నుంచి పదేళ్ళ పిల్లలు. సగం మంది సహవాసం వాళ్ళ పిల్లలు, మిగతా సగం చుట్టుపక్కల తెలుగువాళ్ళ పిల్లలు, హిందువులు. తెలుగు వస్తుందనీ, సెలవుల్లో పొద్దున పూట పిల్లలకు ఒక చోటు దొరుకుతుందనీ ఆ తల్లిదండ్రులు పంపేవాళ్ళు. బైటి పిల్లలు అంతమంది ఉన్నారని తెలిసి నేను లోలోపల సంతోషించాను. మా సంఘానికి చెప్పడానికి మంచి సంగతి అనుకున్నాను.

ఆ పిల్లలు నేను లోపలికి వస్తే లేచి నిలబడరు. కార్పెట్ మీద బోర్లా పడుకుని పాఠం వింటారు. మధ్యలో నీళ్ళు తాగుతారు. ఏది చెప్పినా "వై" అంటారు. మొదటి రోజే చేతులు కట్టుకుని నిటారుగా ఎలా నిలబడాలో చూపించి అందరిచేత చేయించాను. వాళ్ళకదో కొత్త ఆటలా తోచింది, రెండు నిమిషాలు చేసి మర్చిపోయారు. ఒక్క పాప మాత్రం ఎప్పుడు నిలబడమన్నా చేతులు కట్టుకునే నిలబడేది. ఎనిమిదేళ్ళు. రెండు జడలు, కళ్ళజోడు. అందరికంటే ఎక్కువ ప్రశ్నలు కూడా ఆ పాపవే.

పిల్లలకు తెలుగు సగమే అర్థమవుతోందని రెండో వారం నుంచి నేను ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. అదే నేను చేసిన మొదటి పొరపాటు. ఒక బుధవారం ద్రాక్షతీగె గురించిన పాఠం. బోర్డు మీద తీగె, కొమ్మలు, ఆకులు గీశాను. ప్రభువు తీగె, మనం కొమ్మలం అని నాలుగు రకాలుగా ఇంగ్లీషులో చెప్పాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. రెండు జడల పాప చెయ్యెత్తింది.

"ఆంటీ, వైన్ ఈజ్ నాట్ ఫర్ కిడ్స్," అంది.

గది మొత్తం ఒక్కసారి పకపకా నవ్వింది. ఇద్దరు పిల్లలు నవ్వుతూ కార్పెట్ మీద దొర్లారు. ఏమైందో నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి చెవులు వేడెక్కాయి. ఇంగ్లీషులో 'వీ' అక్షరంతో మొదలయ్యే తీగె మాట, నా నోట వాళ్ళకు 'డబ్ల్యూ'తో మొదలయ్యే సారాయిలా వినిపించింది. తెలుగులో రెండింటికీ మనకున్నది ఒకటే వకారం. ఐదు నిమిషాల నుంచి నేను చర్చిలో నిలబడి ఆ పిల్లలకు ప్రభువు సారాయి అని చెబుతున్నానన్నమాట.

ఆ సమయంలో నేనూ నవ్వి ఉంటే సరిపోయేది. నవ్వలేదు. మా స్కూల్లో ఎవరైనా ఎదురు మాట్లాడితే ఏం చేస్తానో అదే చేశాను. వేలు తలుపు వైపు చూపించి, "లే. వెళ్ళి బయట నిలబడు," అన్నాను. ఆ మాట మాత్రం తెలుగులోనే వచ్చింది. పాప నవ్వు ఆపి లేచి వెళ్ళింది. నాతోపాటు గదిలో ఉండాల్సిన రెండో ఆవిడ అప్పుడే రంగు కాగితాల కోసం పక్క గదికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. గది నిశ్శబ్దమైంది. నిజం చెప్పాలి, ఆ నిశ్శబ్దం నాకు హాయిగా అనిపించింది.

పాఠం అయింది, వాక్యం కంఠత చేయించాను, బొమ్మలకు రంగులు వేయించాను. అప్పుడు గుర్తొచ్చి తలుపు తీశాను. నడవాలో ఎవరూ లేరు.

బాత్రూముల్లో చూశాను. ప్రార్థన హాల్లో బల్లల మధ్య చూశాను. అమ్మగారు చిన్నపిల్లలకు చెప్పే గదిలోకి తొంగి చూశాను. ఆమె నా మొహం చూసి, "ఏమైంది?" అంది. నేను వెనక్కి తిరిగి నడవాలోకి పరుగెత్తాను. తరగతులు చూసుకునే టీచరమ్మాయి ఎదురుపడింది.

"పాప కనబడట్లేదు," అన్నాను.

"ఎంతసేపైంది ఆంటీ?"

ఇరవై నిమిషాలో, అరగంటో. నేను జవాబు చెప్పేవరకు కూడా ఆగకుండా ఆ అమ్మాయి బయటి తలుపు తోసుకుని చెరువు వైపు పరుగెత్తింది. ఆమె అటు పరుగెత్తేదాకా ఆ చెరువు సంగతి నాకు తట్టలేదు. నేనూ ఆమె వెనకే పరుగెత్తాను.

పాప చెరువు దగ్గర లేదు. పార్కింగు చివర, జెండా కర్ర పక్కన, ఎండలో నిలబడి ఉంది. చేతులు కట్టుకుని, నిటారుగా, నేను మొదటి రోజు నేర్పినట్టే. మొహం కందిపోయింది. జడల దగ్గర చెమట కారుతోంది. నాలుగు బాతులు ఆమెకు బారెడు దూరంలో గడ్డి పీకుతున్నాయి. నేను రొప్పుతూ దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళు మాత్రం తిప్పి చూసింది.

"ఆంటీ, నౌ లోపలికి రావచ్చా?" అంది.

ఆ పాపకు 'బయట' అంటే ఇంటికి బయట, ఆకాశం కింద. వాళ్ళమ్మ "బయటికి వెళ్దామా" అంటే పార్కుకు వెళ్దామని. తలుపు అవతల నడవా కూడా బయటే అవుతుందని ఆమెకెవరూ చెప్పలేదు. నేను బయట నిలబడమన్నాను, ఆమె బయటికెళ్ళి నిలబడింది.

లోపలికి తీసుకొచ్చి నీళ్ళు తాగించాం, తడిగుడ్డతో మొహం తుడిచాం. టీచరమ్మాయి నన్ను ఆఫీసు గదిలోకి పిలిచింది. గొంతు పెంచలేదు.

"నేను మిమ్మల్ని బ్లేమ్ చేయట్లేదు ఆంటీ. మీ టైమ్‌లో, మీ ప్లేస్‌లో అది నార్మల్ అని నాకు తెలుసు. కానీ ఇది ఫిఫ్త్ పేజ్‌లో ఉంది, మీరు సైన్ చేశారు. అక్కడ పాండ్ ఉంది. రోడ్ ఉంది. వాళ్ళ మదర్‌కి ఇప్పుడే నేను కాల్ చేసి అంతా చెప్పాలి. దాచడానికి లేదు. కొన్ని రోజులు మీరు క్లాస్‌లో వద్దు. కిచెన్‌లో హెల్ప్ చేయండి."

నేను తలూపాను. నా స్కూల్లో హెడ్మాస్టరు కూడా నాతో అలా మాట్లాడి ఎరగడు. కానీ ఆ అమ్మాయి చెప్పినదాంట్లో కాదనడానికి ఒక్క మాట కూడా లేదు. ఆ సాయంత్రమే ఆమె ఫోన్ నుంచి పాప తల్లికి క్షమాపణ చెప్పాను. ఆవిడ మొత్తం విని, "ఓకే," అని పెట్టేసింది. మర్నాడు పాప క్లాసుకు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

అలా వంటగదిలో పడ్డాను. పదిన్నరకు పిల్లలకు చిరుతిండి. రోజుకు రెండు పుచ్చకాయలు, గింజలు తీసి, చిన్న చేతులకు పట్టేలా ముక్కలు కోయాలి. గోడ అవతల నా పిల్లల పాటలు వినిపించేవి. నా క్లాసు టీచరమ్మాయే తీసుకుంది. వాళ్ళు నవ్వినప్పుడల్లా నా గురించేనేమో అనిపించేది. నన్ను పంపినవాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు. తలమీద చేతులుంచి ప్రార్థన చేసి పంపితే వచ్చి చేసింది ఇదీ.

శుక్రవారం క్లాసులయ్యాక అమ్మగారు వచ్చి నా ఎదురుగా కూర్చుని, మిగిలిన ముక్కలు డబ్బాలో సర్దడం మొదలుపెట్టింది. నేను మనసులో ఉన్నదంతా కక్కేశాను. ఇక్కడి పిల్లలకు భయం లేదన్నాను. పెద్దల్ని చూసి నవ్వుతారన్నాను. మన స్కూల్లో రోజుకు ముగ్గుర్ని బయట నిలబెడతాం, ఎవరికీ ఏమీ కాలేదన్నాను. ఆమె అంతా వింది.

"పాపకి సారీ చెప్పావా?" అంది.

"వాళ్ళమ్మకు చెప్పాను కదండీ, ఫోన్లో."

"నేనడిగింది పాపకి."

ఇన్నేళ్ళలో నేను ఏ పిల్లకూ క్షమాపణ చెప్పలేదు. చెప్పాల్సిన సందర్భాలు రాలేదని కాదు. అలా చెప్పొచ్చని నాకు తోచలేదు.

"రేపు వెళ్దాం పద," అంది అమ్మగారు, డబ్బా మూత నొక్కుతూ. "నేనూ వస్తాను. ఒక్కదానివి అయితే దారిలో ఏదో పని గుర్తొచ్చి వెనక్కొస్తావు."

శనివారం నర్సమ్మ మమ్మల్ని కార్‌లో తీసుకెళ్ళి పాప వాళ్ళ అపార్ట్‌మెంట్ ముందు దింపింది. పాప తల్లికి ముప్పై ఐదు దాటి ఉంటాయి. హన్మకొండ అమ్మాయి, ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తలుపు తీసి లోపలికి రమ్మంది గానీ మొహంలో నవ్వు లేదు. ఒక మూల చిన్న దేవుడి మందిరం, అగరొత్తి వాసన. మేం సోఫా అంచున కూర్చున్నాం.

"మేము చర్చికి పోయేటోళ్ళం కాదు ఆంటీ. మీకు తెల్సు గదా," అంది. "తెలుగు వస్తదని పంపిన. వాళ్ళ డాడీ వద్దంటనే ఉన్నడు. నేనే మంచిగ చూస్కుంటరు అని చెప్పి పంపిన."

"తప్పు నాదేనమ్మా," అన్నాను. "ఏ కారణమూ చెప్పను."

ఆవిడ మెల్లగా అంది.

"నన్ను గూడ నిలబెట్టిండ్రు. హన్మకొండల కాన్వెంట్‌ల, నాలుగో తరగతిల. లంచ్‌ల నా ఫ్రెండ్‌తోని తెలుగుల మాట్లాడిన అని. గ్రౌండ్‌ల, ఎండల. ఇప్పటికి గూడ ఇంగ్లీష్ ప్రెజెంటేషన్ అంటే నాకు చెమటలు పడ్తయి. నా బిడ్డకు అది ఉండొద్దు అనుకున్న. అట్లని తెలుగు రాకుండ గూడ ఉండొద్దు అనుకున్న. మీ దగ్గరికి పంపితే నా బిడ్డనూ ఎండల్నే నిలబెడ్తిరి."

నాకు కళ్ళు నిండాయి. ఆవిడ కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. మామూలుగా, ఏదో ఎప్పటిదో సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"పాపతో ఒక్క మాట మాట్లాడతాను. మీరిక్కడే ఉండండి," అన్నాను.

పాప గదిలోంచి వచ్చి తల్లి కుర్చీ పక్కన నిలబడింది. చేతులు కట్టుకోబోయింది. నేను సోఫా మీంచి దిగి కార్పెట్ మీద కూర్చున్నాను. అప్పుడు మా ఇద్దరి మొహాలు ఒకే ఎత్తులోకి వచ్చాయి.

"ఆ రోజు నేను చేసింది తప్పు," అన్నాను. "నువ్వు చెప్పింది కరెక్టు. నేను మాట తప్పుగా పలికాను. అందరూ నవ్వేసరికి నాకు సిగ్గేసింది. సిగ్గేసి నీ మీద కోప్పడ్డాను. నిన్ను పంపకుండా ఉండాల్సింది. సారీ అమ్మా."

పాప తల్లి వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది.

"నేను మూవ్ అవ్వలేదు ఆంటీ," అంది. "గూస్ వచ్చింది, చాలా దగ్గరకి. బట్ నేను మూవ్ అవ్వలేదు."

"తెలుసు. చూశాను. ఇంకెప్పుడైనా ఎండలో నిలబడమని ఎవరైనా అంటే, నేనే అన్నా సరే, నిలబడకు. లోపలికి వచ్చి ఎవరికైనా చెప్పు."

ఆలోచించింది. "అండ్ నేను మీన్‌గా లాఫ్ చేయలేదు. ఇట్ వాజ్ జస్ట్ ఫన్నీ."

"ఇప్పుడు నాకూ ఫన్నీగానే ఉంది," అన్నాను. నిజంగానే నాకు నవ్వొచ్చింది, కన్నీళ్ళతోపాటే. అమ్మగారు పైట అడ్డుపెట్టుకుని నవ్వింది. ఆఖరికి ఆ తల్లి కూడా.

"నేను నేర్పిస్తాను," అంది పాప. నా ఎదురుగా కార్పెట్ మీద కూర్చుంది. "సీ, తీగెకి పళ్ళు లిప్ మీద పెట్టాలి. ఇలా. కింద లిప్. వ్వ్వ్. ఫోన్ వైబ్రేట్ అయినట్టు. అది తాగేదానికి లిప్స్ రౌండ్. కిస్ లాగ."

నేను కింది పెదవి మీద పళ్ళు పెట్టి ఊదాను. గాలి మాత్రమే వచ్చింది. "మళ్ళీ," అంది, అచ్చం టీచర్లా. పదిసార్లు చేశాక పెదవి చక్కిలిగింతలు పెట్టింది. "దట్స్ ఇట్," అంది పాప. బదులుగా నేను ఆమెకు 'నీళ్ళు' అనిపించాను. ఆమె 'నీల్లు' అనేది. నాలుక వెనక్కి మడిచి అంగిట్లో తాకించమన్నాను. నోరు తెరిచి చేతి అద్దంలో చూసుకుంటూ ఇల్లంతా "నీళ్ళు, కళ్ళు, పళ్ళు" అంటూ తిరిగింది. తల్లి మాకు టీ పెట్టింది.

సోమవారం పాప క్లాసుకు వచ్చింది. వారం పూర్తయ్యాక, గురువారం నుంచి టీచరమ్మాయి నన్ను కూడా క్లాసులోకి రానిచ్చింది, ఆమె పక్కనే ఉండేలా. ఈసారి ఎనిమిది పేజీలూ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. కుర్చీలో కూర్చోకుండా కార్పెట్ మీద కూర్చున్నాను. పద్నాలుగు మందీ నా చుట్టూ చేరి పెదవులు కొరుక్కుంటూ నాకు ఆ 'వీ' అక్షరం నేర్పారు. రోజూ మొదటి పది నిమిషాలు వాళ్ళు నాకు టీచర్లు. ఎవరి వంతు వస్తే వాళ్ళు నా కళ్ళజోడు పెట్టుకుని ముక్కు మీదికి దించి నన్ను సరిదిద్దేవాళ్ళు. తర్వాత నేను తెలుగులోనే, నెమ్మదిగా, బొమ్మలు గీస్తూ కథ చెప్పేదాన్ని. అర్థమైనవాళ్ళు అర్థం కానివాళ్ళకు ఇంగ్లీషులో చెప్పేవాళ్ళు. కథ గంట పట్టేది. కానీ ఎవరూ నీళ్ళకని లేచేవాళ్ళు కాదు.

నాలుగో వారంలో తప్పిపోయిన గొర్రె కథ చెప్పాను. నా సండేస్కూలు బతుకులో ఆ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. కాపరి మంద మొత్తాన్నీ వదిలి ఆ ఒక్కదాని కోసం కొండలెక్కి వెళ్ళాడు అనే దగ్గరికి రాగానే రెండు జడల పాప చెయ్యెత్తింది.

"ఆంటీ, గొర్రె తప్పిపోయిందా? ఆర్ ఎవరైనా బయటికి పంపించారా?"

గదిలో ఎవరికీ అందులో వేరే అర్థం కనబడలేదు. పాప కూడా ఎత్తిపొడుపుగా అడగలేదు, కథ గురించే అడిగింది. టీచరమ్మాయి నా వైపు చూసింది.

"అది కథలో చెప్పలేదు," అన్నాను. "నువ్వేమనుకుంటున్నావు?"

"మేబీ పంపించారు," అంది. "అందుకే అది సౌండ్ చేయలేదు. వెయిట్ చేసింది."

ఒక పిల్లాడు, పంపలేదు, అదే వెళ్ళిపోయిందన్నాడు. ఇంకో పిల్ల, దానికి ఆకలేసి గడ్డి కోసం వెళ్ళిందంది. ఎలా పోయినా వెతకాల్సిందే అని అందరూ ఒప్పుకున్నారు. నేను ఆ రోజు కథ ముగించడం మర్చిపోయాను. ఆ సాయంత్రం అమ్మగారితో అన్నాను, నలభై ఏళ్ళుగా ఈ కథలో గొర్రెదే తప్పనుకున్నాను అని. "నేనూ అంతే," అంది ఆమె.

ఆరో వారం చివర శనివారం తల్లిదండ్రుల్ని పిలిచి చిన్న కార్యక్రమం పెట్టాం. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో కథ ముక్క తెలుగులో చెప్పారు. క్రియలన్నీ అటూ ఇటూ అయ్యాయి. గొర్రె 'వచ్చాడు', కాపరి 'ఏడ్చింది'. ఎవరూ పట్టించుకోలేదు. పాప తల్లి అంతవరకు పార్కింగులోంచే పిల్లను దింపి వెళ్ళేది. ఆ రోజు లోపలికి వచ్చి తలుపు పక్కన ఆఖరి కుర్చీలో కూర్చుంది. ప్రార్థన సమయంలో కళ్ళు మూసుకోలేదు, తల వంచుకుని మర్యాదగా ఉంది.

అయ్యాక నా దగ్గరికి వచ్చింది. "మీరు పోతే మళ్ళ ఇది బందైతది గదా," అంది.

"అవునమ్మా. వచ్చే ఏడు వీసా వస్తే చూడాలి."

"శనివారాలు నాకు ఖాళీనే. నేను ప్రేయర్ చేపియ్య ఆంటీ, నాకు రాదు, అది మీరు చూస్కోండి. అక్షరాలు చెప్పమంటే చెప్త."

టీచరమ్మాయి అక్కడే ఉంది. ఆమె కళ్ళు మెరిశాయి. అయితే సహవాసం పెద్దల్ని అడగాలి. ఆ మర్నాడే ఆరాధన అయ్యాక అడిగాం. ఒకాయన, చాలా ఏళ్ళ క్రితం వచ్చి స్థిరపడిన డాక్టరుగారు, ఇబ్బందిగా కదిలాడు. "ఆమె మన విశ్వాసం కాదు కదండీ. చర్చిలో పిల్లలకు చెప్పడమంటే," అన్నాడు. అమ్మగారు ఆయన వైపు తిరిగి, "అఆలకు విశ్వాసమేముంది బాబూ," అంది. ఆయన ఇంకేదో అనబోయి నవ్వేశాడు. ఆమె కూడా ఎనిమిది పేజీలు చదివి సంతకం చేయాలని మాత్రం షరతు పెట్టారు.

మా ఊరు తిరిగొచ్చాక మొదటి ఆదివారం సాక్ష్యం చెప్పమని ముందుకు పిలిచారు. ఎంతమంది ప్రభువును తెలుసుకున్నారు అని ఒకాయన అడిగాడు. నేను లెక్కపెట్టలేదన్నాను. పిల్లలు బాగున్నారనీ, వాళ్ళ దగ్గర నేను ఒక అక్షరం నేర్చుకున్నాననీ చెప్పాను. జనం వినయం కోసం అన్నాననుకున్నారు.

ఆగస్టు చివర ఒక శనివారం సాయంత్రం, నేను కూర తరుగుతుంటే వీడియో కాల్ వచ్చింది. పాప తల్లి. వెనక ఆ గది, అదే కార్పెట్. అక్కడ పొద్దున తొమ్మిది కావస్తోంది.

"ఫస్ట్ క్లాస్ ఆంటీ. తొమ్మిది మంది వస్తున్నరు. ఏం చెప్పాల్నో మొత్తం రాస్కున్న, ఇప్పుడు ఒక్కటి గుర్తుకొస్తలేదు."

"వాళ్ళు వచ్చాక పేరు అడుగు. తెలుగులో పేరు రాసి చూపించు. తమ పేరు చూస్తే ఎవరైనా ఆగి చూస్తారు. మిగతాది వాళ్ళే అడుగుతారు."

అంతలో తలుపు చప్పుడైంది, పిల్లల గొంతులు. ఆవిడ "ఒక్క నిమిషం ఆంటీ," అని ఫోన్‌ను దేనికో ఆనించి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. మర్చిపోయినట్టుంది. నాకు గోడకు తగిలించిన అక్షరాల పటం ఒక మూల, రెండు మూడు మోకాళ్ళు, ఒక సాక్సు కనిపిస్తున్నాయి. ఒక చిన్నపిల్ల పటం దగ్గరికొచ్చి 'ఠ' మీద వేలు పెట్టింది.

"ఆంటీ, వై డజ్ దిస్ వన్ హ్యావ్ ఎ బెల్లీ బటన్?"

ఆ తల్లి గట్టిగా, మనసారా నవ్వడం వినిపించింది. "బొడ్డు. దాన్ని తెలుగుల బొడ్డు అంటరు. అందరు అనుండ్రి," అంది. తొమ్మిది గొంతులు ఒక్కసారి బొడ్డు అన్నాయి.

నేను మెల్లగా కాల్ కట్ చేసి, కూర పొయ్యి మీదికెక్కించాను.